వేసిన చర్మం ఎందుకు నిలవలేదు? ఒకే పేరున్న ఎలుకల మధ్య గ్రాఫ్ట్ రిజెక్షన్

#1 రెండోఏడు

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. ఫార్మసీ చదివి ఇటు వచ్చాను, జన్యుశాస్త్రం పెద్దగా తెలియదు. తప్పుగా అడిగితే సరిదిద్దండి.

ఒక మందు గ్రాఫ్ట్ రిజెక్షన్‌ను, అంటే వేసిన పరాయి కణజాలాన్ని శరీరం తిరస్కరించడాన్ని, ఎంత ఆలస్యం చేస్తుందో చూడటం మా పని. ముందుగా చేయి తిరగాలని, రిజెక్షన్ జరగని కంట్రోల్ గుంపు కూడా కావాలని, ఆరు విస్టార్ ఎలుకలకు వేరే విస్టార్ ఎలుకల చర్మం వేశాను. వీపు మీద ఒక పక్క పరాయి చర్మం, రెండో పక్క ఆ ఎలుక సొంత చర్మమే కోసి మళ్లీ అతికించాను. ఏడో రోజు కట్టు విప్పితే రెండు పక్కలా లేత గులాబీ రంగులో చక్కగా పట్టుకుని ఉన్నాయి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఎనిమిదో రోజు సాయంత్రానికి పరాయి చర్మం అంచు ఉబ్బింది. ఎరుపు ముదిరి ఊదా రంగుకు తిరిగింది. పదో రోజున వేలితో తాకితే అట్టలా గట్టిగా తగిలింది. పన్నెండో రోజుకల్లా ఐదింటికి నల్లటి పెచ్చే మిగిలింది. ఆరోది మాత్రం పందొమ్మిదో రోజు దాకా ఆగి, మెల్లగా కుంచించుకుపోయింది. సొంత చర్మం ఆరింటికీ బాగుంది, వెంట్రుకలు కూడా మొలుస్తున్నాయి.

టెక్నిక్ చూసుకోమని గైడ్ అన్నారు. నాకేమో ఎక్కడ తప్పు చేశానో అంతుపట్టడం లేదు. అన్నీ విస్టార్ ఎలుకలే, ఒకే చోటి నుంచి వచ్చినవే. మరి ఒకదాని చర్మం ఇంకోదానికి ఎందుకు పడలేదు?

#2 తోకగుర్తు

మీ చేతిలో తప్పేం లేదండి. సొంత చర్మం ఆరుకు ఆరూ నిలిచాయంటే కోత, కట్టు, శుభ్రత అన్నీ సరిగ్గానే ఉన్నాయి. టెక్నిక్ తప్పితే మొదటి మూడు నాలుగు రోజుల్లోనే తెలిసిపోతుంది, రక్తం అందక చర్మం పాలిపోయి ఎండిపోతుంది. వారం రోజులు కళకళలాడి ఎనిమిదో రోజున ఉబ్బిందంటే అది రిజెక్షనే.

తేడా ఎలుకల ఎంపికలో వచ్చింది. విస్టార్ అనేది స్ట్రెయిన్ కాదు, స్టాక్. అవుట్‌బ్రెడ్ ఎలుకలవి. పెంచేవాళ్లు దగ్గరి చుట్టరికం ఉన్న జంటలు కలవకుండా పనిగట్టుకుని చూస్తారు, ఎందుకంటే ఆ స్టాక్‌లో వైవిధ్యం తగ్గకూడదు. స్ప్రేగ్ డాలీ, లాంగ్ ఎవాన్స్ కూడా అంతే. ఒకే గదిలో పుట్టి ఒకే రంగులో ఉన్నా, ఒక విస్టార్‌కి ఇంకో విస్టార్ పరాయిదే. ఒక ఊళ్లో ఉన్నంత మాత్రాన జనమంతా కవల పిల్లలైపోరు కదా.

మీకు కావలసింది ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్. అన్నాచెల్లెళ్లను కనీసం 20 తరాలు వరుసగా జతకట్టిస్తే, నూటికి 98కి పైగా జన్యుస్థానాల్లో రెండు ప్రతులూ ఒకటే అవుతాయి. లూయిస్, బ్రౌన్ నార్వే, ఫిషర్ 344, డీఏ, పీవీజీ, ఏసీఐ అలాంటివి. లూయిస్ నుంచి లూయిస్‌కి వేస్తే చర్మం నిలుస్తుంది.

ఇంకో మాట. పేరు చూసి మోసపోకండి. లూయిస్, విస్టార్ ఫర్త్ రెండూ విస్టార్ మూలం నుంచి వచ్చినవే. అయినా ఒకదాని చర్మం ఇంకోదానికి వేస్తే పోతుంది.

#3 రెండోఏడు

చాలా థాంక్స్ అన్నా. మూడు వారాలుగా నిద్ర సరిగ్గా పట్టలేదు, ఇప్పుడు కొంచెం తేలికగా ఉంది. కానీ ఆరు ఎలుకలు నా అజ్ఞానం వల్ల బాధపడ్డాయనేది మనసులోంచి పోవడం లేదు.

ఒక సందేహం. అన్నీ పరాయివే అయితే అన్నీ ఒకేలా పోవాలి కదా? ఆరోది పందొమ్మిది రోజులు ఎందుకు ఆగింది?

#4 ప్లీహం

బాబూ, ఈ దారంలో అన్నిటికంటే మంచి ప్రశ్న ఇదే. దీనికి తీరిగ్గా జవాబు రాస్తాను.

ముందు మాటల సంగతి. ఇక్కడ ఎలుక అంటే ర్యాట్, చిట్టెలుక అంటే మౌస్. ఈ రెంటినీ కలిపేసి చదివి గందరగోళపడ్డ విద్యార్థుల్ని చాలామందిని చూశాను.

గ్రాఫ్ట్ నిలుస్తుందా పోతుందా అని తేల్చే జన్యువులు చాలా ఉన్నాయి, కానీ వాటిలో ఒక గుంపు బలం వేరు. దాన్ని ఎంహెచ్‌సీ అంటాం. ఇది తనదో పరాయిదో రోగనిరోధక కణాలకు చూపించే అణువులను ఆ జన్యువులు తయారు చేస్తాయి, వాటిలో ముఖ్యమైనవి క్లాస్ వన్, క్లాస్ టూ అని రెండు రకాలు. మనిషిలో అది 6వ క్రోమోజోమ్ మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ, చిట్టెలుకలో 17వ దాని మీద ఉండే హెచ్-2, ఎలుకలో 20వ దాని మీద ఉండే ఆర్‌టీ1. ఎలుకలో ఇది మొదట బ్లడ్ గ్రూపుల రూపంలోనే దొరికింది. మన ఎర్ర రక్త కణాల మీద క్లాస్ వన్ అణువులు దాదాపు ఉండవు, ఎలుకల ఎర్ర కణాల మీద ఉంటాయి. అందుకే ఒక స్ట్రెయిన్ కణాలతో ఇంకో స్ట్రెయిన్‌లో పుట్టించిన సీరమ్ కలిపితే రక్తం గుంపులు గుంపులుగా అంటుకునేది. ఆ గుంపులకూ చర్మం పోవడానికీ లంకె ఉందని 1960లలో తేలింది. అమెరికాలో దాన్ని ఏజీ-బి అన్నారు, ప్రాగ్‌లో హెచ్-1 అన్నారు. తర్వాత అందరూ కలిసి ఆర్‌టీ1 అనే పేరుకు వచ్చారు. పాత పేపర్లు తీస్తే ఈ మూడు పేర్లూ కనిపిస్తాయి, మూడూ ఒకటే.

ఆర్‌టీ1 మొత్తం ఒక దండలా తల్లి నుంచో తండ్రి నుంచో కలిసికట్టుగా దిగుతుంది. ఆ దండను హాప్లోటైప్ అంటాం. లూయిస్‌ది ఎల్, బ్రౌన్ నార్వేది ఎన్, డీఏది ఎ, పీవీజీది సి, విస్టార్ ఫర్త్‌ది యు, బఫెలోది బి. దండలో ఆర్‌టీ1.ఎ అనే చోట క్లాస్ వన్ జన్యువులు, బి, డి అనే చోట్ల క్లాస్ టూ జన్యువులు ఉంటాయి. మనిషిలో డీక్యూ, డీఆర్ అనే క్లాస్ టూ జన్యువులకు దాయాదులు ఈ బి, డి. ఆ తర్వాత సి, ఇ, ఎం అని పిలిచే పొడవాటి భాగంలో రకరకాల క్లాస్ వన్ జన్యువులు పేరుకుని ఉంటాయి. మనిషిలో క్లాస్ వన్ అంతా క్లాస్ టూకి ఒకే పక్కన ఉంటే, ఎలుకలోనూ చిట్టెలుకలోనూ ఒక క్లాస్ వన్ గుంపు అవతలి పక్కకు చేరింది. ఈ జరగడం వల్ల వచ్చిన చిక్కు ఒకటుంది, అది ఎవరైనా తర్వాత చెప్తే బాగుంటుంది.

ఇక బలం ఎందుకంటే, మామూలు వైరస్ ముక్కను గుర్తుపట్టే టీ కణాలు (పరాయిదాన్ని పసిగట్టి దాడి చేసే తెల్ల కణాలు) శరీరంలో లక్షకు ఒకటి, అంతకన్నా తక్కువే ఉంటాయి. పరాయి ఎంహెచ్‌సీని చూసి లేచేవి మాత్రం నూటికి ఒకటి నుంచి పది దాకా ఉంటాయి. ముందు ఎప్పుడూ ఆ పరాయి కణజాలాన్ని చూడకపోయినా సైన్యం సిద్ధంగా ఉన్నట్టే. అందుకే చర్మం ఎనిమిది, పది రోజుల్లో పోతుంది.

ఇప్పుడు నీ ఆరో ఎలుక. అవుట్‌బ్రెడ్ స్టాక్‌లో తిరిగే ఆర్‌టీ1 హాప్లోటైపులు కొన్నే ఉంటాయి. అప్పుడప్పుడు దాత, గ్రహీత ఇద్దరికీ అవే కలిసిపోతాయి. అలాంటప్పుడు మిగిలేవి చిన్న యాంటిజెన్లే, అంటే ఆర్‌టీ1 కాని మిగతా జన్యువుల తేడాల వల్ల పరాయివిగా కనిపించే గుర్తులే. వాటి వల్ల వచ్చే రిజెక్షన్ నింపాదిగా నడుస్తుంది. ఆ ఎలుక తోక ముక్కా, దాని దాత తోక ముక్కా దాచి ఉంటే టైపింగ్ చేసి, అంటే రెండింటి ఆర్‌టీ1 ఏ రకమో పరీక్షించి, చూడు. దాచకపోతే ఇది ఊహగానే ఉండిపోతుంది.

#5 రెండోఏడు

దాచలేదు సార్. ఇకనుంచి దాస్తాను.

#6 సూదీదారం

ప్లీహం గారు చెప్పిన ఆ ఎనిమిది రోజుల లెక్క వేళ్లకు ఎలా తెలుస్తుందో నేను చెప్తాను. ఎలుకలకు గుండె మార్పిడి చేస్తాను, పదకొండేళ్లుగా ఇదే పని.

దాత గుండెను గ్రహీత పొట్టలో పెట్టి, ఉదర మహాధమనికీ అధో మహాసిరకూ కుడతాం. ఓనో, లిండ్సే 1969లో చెప్పిన పద్ధతి ఇది. ఎలుక సొంత గుండె దాని చోట అది పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి, కొత్త గుండె ఆగినా ఎలుక చచ్చిపోదు. రోజూ పొద్దున్నే పొట్ట మీద రెండు వేళ్లు ఆనించి చూస్తాం. బ్రౌన్ నార్వే గుండెను లూయిస్‌కి పెడితే నాలుగో రోజు దాకా వేళ్లను నెట్టేంత గట్టిగా కొట్టుకుంటుంది. ఐదో రోజుకి దెబ్బలో ఊపు తగ్గుతుంది, గుండె కాస్త ఉబ్బినట్టు తగులుతుంది. ఆరో రోజు వణుకు మాత్రమే. ఏడో రోజు రాయి. ఒక రోజు అటూ ఇటూ, అంతే. ఇన్నేళ్లలో ఈ జంట నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరచలేదు. ఇన్‌బ్రెడ్ జంటలతో పనిచేయడంలో ఉన్న హాయి అది.

ఫిషర్ 344 నుంచి లూయిస్‌కి కిడ్నీ వేసి చూడండి, లోకమే మారిపోతుంది. మొదట పది రోజులు కొద్దిగా సైక్లోస్పోరిన్ (రిజెక్షన్‌ను అణిచే మందు) ఇచ్చి ఆపేస్తే నెలల తరబడి పనిచేస్తుంది. ఆ తర్వాత మూత్రంలో ప్రోటీన్ పెరుగుతూ పోతుంది, ధమనుల లోపలి గోడ దళసరి అవుతుంది, వడపోత గుత్తులు మచ్చకడతాయి. మనుషుల్లో ఏళ్ల తర్వాత కిడ్నీ పాడయ్యే తీరుకు ఎక్కువమంది వాడే నమూనా ఇదే. గుండెకైతే తిరగేసి లూయిస్ నుంచి ఫిషర్‌కి వేస్తారు.

#7 కొత్తగా_చేరాను

ఫిషర్, లూయిస్ రెండింటి ఆర్‌టీ1 ఒకటే అని ఒక చోట చదివాను. మరి అస్సలు రిజెక్షన్ ఉండకూడదు కదా?

#8 ప్లీహం

ఒకటే కాదు, దగ్గరిది. లూయిస్‌ది ఎల్ అయితే ఫిషర్‌ది ఎల్‌వీ1, అంటే ఎల్‌లోనే చిన్న మార్పున్న రకం. ఎ, బి, డి చోట్ల రెండూ కలుస్తాయి. తేడా ఆ చివరి పొడవాటి క్లాస్ వన్ భాగంలో ఉంది. దానికి తోడు మిగతా క్రోమోజోముల మీది చిన్న యాంటిజెన్లు. అందుకే నెమ్మదిగా తినేస్తుంది. అక్షరం ఒకటే అని ఆగిపోకుండా పక్కనున్న చిన్న అక్షరాలు కూడా చదవాలి. చాలామంది మెథడ్స్ రాసేటప్పుడు వాటిని వదిలేస్తారు, నాకు అది చూస్తే బాధేస్తుంది.

#9 అల్లీలు

ఈ 'చిన్న' యాంటిజెన్లు ఎన్ని ఉంటాయో లెక్క కట్టే పద్ధతి చెప్తాను, చాలా అందమైన లెక్క. కాగితం, పెన్ను చాలు.

రెండు ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్లు, ఎ, బి అనుకోండి. వాటి పిల్లలు ఎఫ్1. ఎఫ్1కి రెండు పక్కల అల్లీళ్లూ (ఒకే జన్యువు తాలూకు వేర్వేరు రూపాలు) ఉంటాయి కాబట్టి ఎ చర్మమూ బి చర్మమూ రెండూ దానికి పరాయివి కావు, నిలుస్తాయి. కానీ ఎఫ్1 చర్మాన్ని ఎ మీద వేస్తే అందులో బి పదార్థం ఉంది కాబట్టి పోతుంది. ఇదే మొదటి సూత్రం.

ఇప్పుడు ఎఫ్1లను వాటిలో వాటికే జతకట్టిస్తే వచ్చే ఎఫ్2 పిల్లలకు ఎ చర్మం వేయండి. ఒక జన్యుస్థానంలో ఎ అల్లీలు ఒక్కటైనా ఉంటే చాలు, అక్కడ గొడవ లేదు. అలా ఉండే అవకాశం నాలుగింట మూడు. తేడా ఉన్న స్థానం ఒకటే అయితే వందలో 75 గ్రాఫ్టులు నిలవాలి. రెండైతే 56. పదైతే ముప్పావును పదిసార్లు గుణించండి, వందలో ఆరు కూడా నిలవవు. ఎఫ్1ని బితో కలిపి పుట్టించిన పిల్లలకు ఎ చర్మం వేస్తే ఇంకా కఠినం. ఒక్కో స్థానానికి సగమే అవకాశం, కాబట్టి పది స్థానాలకు 1024లో ఒకటి. ఇలా నిలిచిన గ్రాఫ్టులను లెక్కపెట్టి, వెనక్కి వెళ్లి స్థానాలు ఎన్నో అంచనా కట్టారు. జన్యువులను చదివే యంత్రాలు ఏవీ లేని రోజుల్లో చర్మం ముక్కలతోనే ఇంత తెలుసుకున్నారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఒక జాగ్రత్త. ఒకే క్రోమోజోమ్ మీద పక్కపక్కనున్న స్థానాలు కలిసే కదులుతాయి కాబట్టి ఈ లెక్కలో అవి ఒకటిగా కనిపిస్తాయి. వచ్చిన అంకె ఎప్పుడూ నిజానికి తక్కువే.

#10 తోకగుర్తు

అల్లీలు గారు, ఎఫ్1 గురించి ఒకటి కలుపుతాను. ఎఫ్1 ఎలుక తల్లిదండ్రుల చర్మాన్ని ఏమీ అనదు. కానీ తల్లిదండ్రుల లింఫ్ కణాలను దానిలోకి ఎక్కిస్తే ఆ కణాలే ఎఫ్1 మీద తిరగబడతాయి. కుడి పాదంలోకి ఎ స్ట్రెయిన్ కణాలు, ఎడమ పాదంలోకి ఎఫ్1 సొంత కణాలు ఎక్కించి, ఏడో రోజు మోకాలి వెనకుండే లింఫ్ గ్రంథులు తీసి తూకం వేస్తారు. ఎడమది మెంతిగింజంత ఉంటే కుడిది బఠాణీ గింజంత అయ్యుంటుంది. మొదటిసారి చూసినప్పుడు తూకం తప్పిందేమోనని మళ్లీ వేశాను.

#11 కొత్తగా_చేరాను

అంటే చివరికి తేలేది ఏంటంటే, ఆర్‌టీ1 ఒక్కటి కలిపేస్తే సగం పైగా సమస్య తీరిపోతుంది, మిగతాది సైక్లోస్పోరిన్ చూసుకుంటుంది. సరేనా?

#12 అల్లీలు

సరే కాదండి. 'చిన్న' అన్న మాట ఒక్కో యాంటిజెన్ బలం గురించే గానీ అన్నీ కలిస్తే వచ్చే ఫలితం గురించి కాదు. చిన్నవి పది కలిస్తే చర్మాన్ని పెద్దదానంత వేగంగా తీసేయగలవు.

దీన్ని విడదీసి చూడటానికే కాన్‌జెనిక్ స్ట్రెయిన్లు ఉన్నాయి. లూయిస్.1ఎన్ అనే ఎలుక ఒళ్లంతా లూయిస్, 20వ క్రోమోజోమ్ మీది ఆర్‌టీ1 దండ ఒక్కటే బ్రౌన్ నార్వేది. దాని చర్మం లూయిస్‌కి వేస్తే ఆర్‌టీ1 తేడా మాత్రమే పరీక్షిస్తున్నట్టు. బ్రౌన్ నార్వే చర్మం లూయిస్.1ఎన్‌కి వేస్తే ఆర్‌టీ1 కలిసింది, చిన్న యాంటిజెన్ల తేడా మాత్రమే మిగిలింది. రెండో జంటలో కూడా చర్మం పోతుంది. ఆర్‌టీ1 కలిస్తే చాలన్న మాట అక్కడే వీగిపోతుంది.

కాన్‌జెనిక్ కూడా పూర్తిగా శుద్ధమైనది కాదు. పది తరాలు మళ్లీ మళ్లీ లూయిస్‌తోనే జతకట్టించినా, కావలసిన జన్యువుకు అటూ ఇటూ కలిపి దాదాపు 20 సెంటీమోర్గాన్ల (క్రోమోజోమ్ మీద దూరాన్ని కొలిచే ప్రమాణం) పరాయి ముక్క దానితో పాటే ఉండిపోతుందని లెక్క చెప్తుంది. ఆ ముక్కలో ఏముందో చూసుకోకుండా ఇది ఆర్‌టీ1 ప్రభావం అని తేల్చేయకూడదు.

మగ, ఆడ తేడా కూడా మరవకండి. వై క్రోమోజోమ్ మీద ఉన్న హెచ్-వై కూడా ఒక చిన్న యాంటిజెనే. ఒకే ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్‌లో మగ చిట్టెలుక చర్మాన్ని ఆడది తిరస్కరిస్తుందని 1955లోనే ఐక్‌వాల్డ్, సిల్మ్‌సర్ చూపించారు. అన్ని స్ట్రెయిన్లూ అలా చేయవు. కానీ కంట్రోల్ గుంపులో ఆ అనుమానానికి చోటు ఎందుకు ఇవ్వడం? మగ దాత, ఆడ గ్రహీత జంట వద్దే వద్దు.

#13 పెప్టైడ్

ఒక క్లాస్ వన్ గుంపు అవతలి పక్కకు చేరడం వల్ల వచ్చిందని ప్లీహం గారు చెప్పి వదిలిపెట్టిన ఆ చిక్కు నేను అందుకుంటాను, నా థీసిస్ దాని చుట్టూనే తిరిగింది.

క్లాస్ వన్ అణువు కణం పైకి ఖాళీగా రాదు. కణం లోపల తయారైన ప్రోటీన్ ముక్కను, అంటే పెప్టైడ్‌ను, గాడిలో పెట్టుకుని వస్తుంది. ఆ ముక్కల్ని లోపలికి అందించే పంపు పేరు ట్యాప్. ట్యాప్ జన్యువులు క్లాస్ టూ భాగంలో ఉంటాయి. ఎలుకల ట్యాప్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి అన్ని రకాల ముక్కల్నీ, చివర ఆర్జినిన్ ఉన్నవాటిని కూడా దాటిస్తుంది. రెండోది నీటిని వికర్షించే అమైనో ఆమ్లంతో ముగిసే ముక్కలనే ఎక్కువగా దాటిస్తుంది. డీఏ ఎలుకలోని ఆర్‌టీ1.ఎ అణువుకు చివర ఆర్జినిన్ ఉన్న ముక్కలే కావాలి. దానికి మొదటి రకం ట్యాప్ తోడుంటే చక్కగా నిండి త్వరగా పైకి వస్తుంది. పీవీజీ.ఆర్1 అనే రీకాంబినెంట్ (రెండు దండలు మధ్యలో తెగి ఒకటిగా అతికిన) ఎలుకలో అదే అణువుకు పీవీజీ ట్యాప్ జతపడింది, అది రెండో రకం. అణువు అదే, అక్షరం పొల్లుపోకుండా అదే. అయినా సరైన ముక్కలు దొరక్క ఆలస్యంగా, వేరే సరుకుతో పైకి వస్తుంది. డీఏ మీది అణువునూ, ఆర్1 మీది అణువునూ చంపే టీ కణాలు వేర్వేరుగా గుర్తుపట్టాయి.

1980ల చివర్లో ఈ వింత బయటపడింది, దానికి సిమ్ అని పేరు పెట్టారు. కారణం ట్యాప్ అని 1992కల్లా తెలిసింది. ఎంహెచ్‌సీ అణువు పూర్తిగా కలిసినా అది మోసుకొచ్చే సరుకు తేడాగా ఉంటే పరాయిదే అవుతుందని ఎలుకలే మనకు ఇంత స్పష్టంగా చూపించాయి. చిన్న యాంటిజెన్లన్నీ కూడా చివరికి ఇలాంటి సరుకే కదా.

#14 సూదీదారం

అద్భుతం పెప్టైడ్ గారు. ఆర్1 ఎలుకలు నా చేతుల మీదుగా వెళ్లాయి గానీ ఈ సంగతి ఇంత వివరంగా తెలియదు.

నన్ను ఏళ్లుగా వేధిస్తున్న ప్రశ్న ఇంకోటి ఉంది. డీఏ నుంచి పీవీజీకి ఆర్‌టీ1 పూర్తిగా తేడా. చర్మం వేస్తే పోతుంది, గుండె పెట్టినా పోతుంది. కాలేయం పెడితే మాత్రం ఏ మందూ లేకుండా నిలుస్తుంది! 1979లో కమాడా, కాల్న్ రక్తనాళాలను గొట్టపు కఫ్‌తో కలిపే పద్ధతి తెచ్చాక ఎలుకలో కాలేయ మార్పిడి చాలా సులువైంది, ఆ వెంటే ఈ వింత కళ్లబడింది. అంతేకాదు, ఆ కాలేయం నిలిచిన పీవీజీకి తర్వాత డీఏ చర్మం వేస్తే అదీ నిలుస్తుంది. మూడో స్ట్రెయిన్ చర్మం వేస్తే పోతుంది. అంటే ఒళ్లు మొద్దుబారలేదు, డీఏని మాత్రమే తనదిగా ఒప్పుకుంది.

అదే డీఏ కాలేయాన్ని లూయిస్‌కి పెట్టండి. రెండు వారాలు తిరగకుండానే పోతుంది. దాత అదే, అవయవం అదే, కత్తి పట్టిన చేయీ అదే. ఆర్‌టీ1 తేడా రెండు చోట్లా ఉంది. మరి పీవీజీ ఎందుకు ఒప్పుకుంది, లూయిస్ ఎందుకు ఒప్పుకోలేదు?

#15 ప్లీహం

సూదీదారం గారూ, దీని మీద నేను ఒక వాదన గట్టిగా నమ్ముతాను, చెప్తాను.

ముందు కిడ్నీ కథ వినాలి. 1982లో లెక్లర్, బ్యాచిలర్ ఎలుకల్లో ఒక ప్రయోగం చేశారు. ఏఎస్, ఆగ్ స్ట్రెయిన్ల ఎఫ్1 కిడ్నీని ఏఎస్ ఎలుకలో కొంతకాలం నిలిపి, తర్వాత తీసి కొత్త ఏఎస్ ఎలుకలో పెట్టారు. మామూలుగా పోవలసిన కిడ్నీ నిలిచింది. ఎందుకంటే మొదటి మజిలీలో ఉండగా దాతవైపు నుంచి కిడ్నీతో పాటు వచ్చిన తెల్ల కణాలు వెళ్లిపోయాయి, వాటి చోటుకు ఏఎస్ కణాలు వచ్చాయి. అప్పుడు దాత స్ట్రెయిన్ డెండ్రిటిక్ కణాలను (టీ కణాలకు పరాయి గుర్తులు చూపించి లేపే తెల్ల కణాలు) కొద్దిగా ఎక్కించి చూశారు. కిడ్నీ పోయింది! కిడ్నీ కణాల మీద పరాయి ఆర్‌టీ1 మొదటి నుంచీ ఉంది. కానీ యుద్ధానికి పిలుపునిచ్చింది ఆ అవయవంతో ప్రయాణించి వచ్చిన కణాలు.

ఇప్పుడు కాలేయం. నిలిచే జంటల్లో దాత ఎలుకకు ముందే రేడియేషన్ ఇచ్చి దాని తెల్ల కణాలను చంపి, ఆ తర్వాత కాలేయం తీసి పెడితే అది నిలవదు, పోతుంది. దాత తెల్ల కణాలు తిరిగి ఎక్కిస్తే మళ్లీ నిలుస్తుంది. కిడ్నీలో ఏ కణాలు శత్రువులయ్యాయో అలాంటి కణాలే కాలేయంలో రక్షకులయ్యాయి. కాలేయం వాటిని వేల సంఖ్యలో కాదు, కోట్లలో మోసుకొస్తుంది. గ్రహీత టీ కణాలు ఒక్కసారిగా అన్నీ లేచి, అలసి, చచ్చిపోతాయి. ఆ మొదటి రోజుల్లో ప్లీహంలో టీ కణాలు ఎంత ఉధృతంగా లేస్తాయో చూస్తే, ఇది నిలిచే కాలేయమంటే ఎవరూ నమ్మరు.

లూయిస్‌లో అలా ఎందుకు జరగదంటే, గ్రహీత ఎంత బలంగా స్పందిస్తుందన్నది కూడా జన్యువుల్లోనే ఉంది. దాతకూ గ్రహీతకూ మధ్య తేడా ఎంత అన్నది ఒక ప్రశ్న. ఆ తేడాకు ఈ గ్రహీత ఎలా స్పందిస్తుంది అన్నది ఇంకో ప్రశ్న. హాప్లోటైప్ పట్టిక మొదటిదానికే జవాబిస్తుంది. రెండోదానికి ఆర్‌టీ1తో పాటు మిగతా జన్యు నేపథ్యం కూడా కావాలి. డీఏ నుంచి లూయిస్‌కి అని రాసినప్పుడు ఆ బాణం గుర్తు వల్లే అర్థం వస్తుంది. దాన్ని తిప్పితే వేరే ప్రయోగం. తిప్పి చూడండి, లూయిస్ కాలేయాన్ని డీఏ నిలుపుకుంటుంది.

#16 పెప్టైడ్

టీ కణాలే అంతా అనుకోకూడదు సార్. టీ కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి లేని నగ్న ఎలుకలు పరాయి చర్మాన్ని హాయిగా ఉంచుకుంటాయి, నిజమే. కానీ వాటికి పరాయి లింఫ్ కణాలు ఎక్కిస్తే ఒక రోజు తిరక్కుండానే మాయం చేస్తాయి. అది ఎన్‌కే కణాలు అనే మరో రకం తెల్ల కణాల పని. ఓస్లోలో పీవీజీ ఎలుకలతో దీన్ని బాగా తవ్వారు. ఆ పనిలో ఎన్‌కే కణాలు చూసేది ఎక్కువగా ఆర్‌టీ1 చివరి భాగంలోని క్లాస్ వన్ అణువులనే. అంటే ఏది రిజెక్ట్ చేస్తుందన్నది ఏది వేశామన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.

#17 తమ్ముడికోసం

ఇక్కడ రాయవచ్చో లేదో తెలియదు. నేను సైన్సు మనిషిని కాదు. మా తమ్ముడికి కిడ్నీ ఇవ్వబోతున్నాను. హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసిందన్నారు. అయినా జీవితాంతం మందులు వాడాలంటున్నారు. పూర్తిగా కలిస్తే మందులెందుకో ఎవరినడిగినా అర్థమయ్యేలా చెప్పలేదు. ఈ దారం రెండుసార్లు చదివాను, కొంచెం అర్థమైనట్టుంది. లూయిస్.1ఎన్ ఎలుకలా మా ఇద్దరికీ ఆ దండ కలిసింది, మిగతావి కలవలేదు. అంతేనా?

#18 ప్లీహం

అంతేనమ్మా. ఇంత బాగా ఎవరూ చెప్పలేరు.

మీకు తల్లి నుంచి ఒక దండ, తండ్రి నుంచి ఒక దండ వచ్చాయి. మీ తమ్ముడికీ అంతే. ఇద్దరికీ అవే రెండు దండలు రావడానికి నాలుగింట ఒక అవకాశం, అది మీకు దక్కింది. చాలా మంచి విషయం. అలాంటి కిడ్నీలు మిగతావాటికంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. కానీ ఇంకా ఇరవై రెండు జతల క్రోమోజోములున్నాయి. వాటి మీద మీకూ తమ్ముడికీ తేడా ఉన్న చోట్ల నుంచి వచ్చే చిన్న యాంటిజెన్లు అలాగే ఉంటాయి. ఆ మందులు వాటికోసం. 1954లో బోస్టన్‌లో మొదటిసారి కిడ్నీ మార్పిడి చక్కగా నిలిచిందంటే వాళ్లు ఒకే అండం నుంచి పుట్టిన కవలలు కాబట్టి. వాళ్ల మధ్య ఏ తేడా లేదు.

మందుల మోతాదు మీ డాక్టర్లు తేలుస్తారు. సొంతంగా తగ్గించుకోవద్దని తమ్ముడికి మీరు గట్టిగా చెప్పండి, అక్క మాట వింటాడు.

#19 తమ్ముడికోసం

తప్పకుండా చెప్తాను సార్. అమ్మకు కూడా ఇలాగే దండల లెక్కలో చెప్పాను, అర్థమైంది. మీ అందరికీ నమస్కారం.

#20 రెండోఏడు

మూడు నెలల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మొత్తం మళ్లీ మొదలుపెట్టాం.

గ్రహీతలు అన్నీ ఆడ లూయిస్ ఎలుకలు. ఒక్కోదాని వీపు మీద రెండు ముక్కలు, ఒకటి ఇంకో ఆడ లూయిస్‌ది, ఒకటి ఆడ బ్రౌన్ నార్వేది. తెల్ల ఒంటి మీద తెల్ల చర్మం ఎక్కడుందో తెలియదు కాబట్టి సూదీదారం మేడమ్ విడిగా చెప్పినట్టు వెంట్రుకల వాలు తిప్పి అతికించాను. ప్రతి ఎలుక తోక చివర చిన్న ముక్క ఫ్రీజర్‌లో ఉంది, చీటీ రాసి పెట్టాను.

ఎనిమిదో రోజు పొద్దున గోధుమ రంగు ముక్కల అంచు ఉబ్బింది. తొమ్మిదో రోజు సాయంత్రానికి ఆరుకు ఆరూ గట్టిపడ్డాయి. ఒకటిన్నర రోజు తేడాలో అన్నీ! ప్లీహం సార్ చెప్పిన సైన్యం అంటే ఏంటో అప్పుడు అర్థమైంది. ఈసారి మా గైడ్ కూడా వచ్చి చూశారు, టెక్నిక్ మాట ఎత్తలేదు.

ఈ రోజు నలభై ఒకటో రోజు. పక్కనున్న లూయిస్ ముక్కలు ఆరూ ఉన్నాయి. వెంట్రుకలు తల వైపుకు వాలి మొలుస్తున్నాయి.

#21 తోకగుర్తు

చాలా సంతోషం తమ్ముడూ. ఒక్క మాట. తర్వాతి విడత లూయిస్ ఎలుకలు వేరే చోటి నుంచి తెప్పిస్తే సబ్‌స్ట్రెయిన్ కోడ్ (అదే స్ట్రెయిన్‌లో ఏ శాఖదో చెప్పే గుర్తు) చూసుకో. పేరు ఒకటే ఉన్నా విడివిడిగా చాలా తరాలు పెరిగితే తేడాలు వస్తాయి. డబ్ల్యూకేవై (విస్టార్ క్యోటో) ఎలుకలను పూర్తిగా ఇన్‌బ్రెడ్ కాకముందే వేర్వేరు చోట్లకు పంచారు, అందుకే ఈ రోజుకీ ఒక చోటి డబ్ల్యూకేవైకీ ఇంకో చోటిదానికీ తేడాలున్నాయి. కొత్త విడత రాగానే రెండు ఎలుకల మధ్య చర్మం మార్చి వేసి ఓ నెల రోజులు చూడు. ఆ తర్వాతే మందు మొదలుపెట్టు.

#22 రెండోఏడు

అలాగే అన్నా. వచ్చే సోమవారం కొత్త విడత వస్తోంది, వాటిలో రెండింటిని అందుకే పక్కన పెట్టమని చెప్పాను.